మూతలు లేచే ఇల్లు

పొద్దున్నే పనికి వెళ్ళేముందు తమ్ముడు మెత్తటి గుడ్డ పట్టుకుని అలమర ముందు నిలబడతాడు. కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేయడం అతని వృత్తి, పాత జర్మన్ బీరు మగ్గులు పోగేయడం అతని పిచ్చి. బూడిదరంగు పింగాణీ మీద నీలం పూత, చుట్టూ ఉబ్బెత్తుగా వేటగాళ్ళ, కుక్కల బొమ్మలు, పైన బొటనవేలితో ఎత్తే తగరపు మూత. గోరుతో కొట్టి మోత విన్నాడంటే పగులు ఎక్కడుందో చెప్పేస్తాడు. బీరు మాత్రం వాసన కూడా పడదు.

అక్కా తమ్ముడూ ఉండే ఆ ఇంట్లో ఎవరైనా నోటిదాకా వచ్చిన మాట మింగేస్తే ఏదో ఒక మగ్గు మూత లేస్తుంది. ఆ మాట బయటపడేదాకా దిగదు. పక్కింటి పిన్నిగారు వచ్చి ఊరికే నవ్వుతూ కూర్చుంటే టక్కుమని చప్పుడయ్యేది.

"చెప్పండి పిన్నిగారూ," అనేది అక్క, బట్టలు మడతపెడుతూనే.

"అదేనమ్మా, మీ పంపు కారి మా గోడ నానిపోతోంది."

మూత పడేది. ప్లంబరుకు ఫోన్ వెళ్ళేది.

అన్నిసార్లు లేచి పడితే మూతల కీళ్ళు అరగవూ? అందుకే టంకం మేస్త్రి ఆదివారాలు వచ్చి బాగుచేసి వెళ్ళేవాడు. భార్య పోయి చాలాకాలమైన మనిషి, నిదానస్తుడు. అక్క పనిచేసే పోస్టాఫీసుకు ఒకరోజు వచ్చి, వరసలో నిలబడి, తన వంతు రాగానే అడిగేశాడు, "మనం పెళ్ళి చేసుకుందామా?" అని.

"మా తమ్ముడు ఒంటరివాడైపోతాడండీ," అంది అక్క. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది తనే మరి.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రమే కిటికీ దగ్గరి మగ్గు మూత లేచింది.

"ఏంటక్కా?"

"ఏం లేదురా."

తమ్ముడు రెట్టించలేదు. పై అరలో, వెనక వరసలో తన మూత కూడా ఒకటి ఏళ్ళ తరబడి లేచే ఉంది. అక్క కంటపడకుండా దాన్ని అక్కడికి జరిపింది అతనే.

తర్వాత వచ్చిన ఆదివారం మేస్త్రి పనిముట్లు సర్దుకుంటూ అన్నాడు. "ఇంక నేను రానండీ. మా అన్నయ్య ఉండే ఊరికి మారిపోతున్నా. కీళ్ళకు వేరే మనిషిని చూసుకోండి."

"అలాగా," అంది అక్క.

ఒక్కసారిగా మూతలన్నీ లేచాయి. అన్నిటికన్నా పాతది, తమ్ముడు ప్రాణంలా చూసుకునే పొడవాటి మగ్గు, మూత బరువుకు వెనక్కి ఊగింది, ముందుకు ఊగింది, అర అంచుదాకా వచ్చింది. పట్టుకుందామని చెయ్యి చాచిన తమ్ముడు, అక్క మొహం చూడగానే ఆమె దాచుకున్నదేంటో అర్థమై ఆగిపోయాడు.

"అక్కా, నువ్వు వెళ్ళిపో."

"ఏంట్రా?"

"నిన్ను పొమ్మంటున్నానని కాదు. కాదు, పొమ్మనే అంటున్నా. ఇంత వయసొచ్చినా నా చొక్కాలు నువ్వే కొంటున్నావు. ఒక్కసారి నాకు నచ్చిన రంగు వేసుకోనీ. నువ్వు కూడా నీకు నచ్చినట్టు బతుకు. ఎలా చెప్పాలో తెలీక ఇన్నేళ్ళూ మింగుతూ కూర్చున్నా."

అర మీది మగ్గు చప్పున పడి ముక్కలైంది. ఎవరూ అటు చూడలేదు.

అక్క కుర్చీలో కూలబడింది. ఏడుస్తుందేమోనని ఇద్దరూ కంగారుపడ్డారు. ఆమె నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది.

"ఒరేయ్, ఆ చొక్కాల కోసం ప్రతిసారీ ఎంత తిరిగి చచ్చానో తెలుసా? నాకూ విసుగేరా!" తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "ఆ రోజు నేను కాదన్నది మిమ్మల్ని కాదండీ."

మేస్త్రి పనిముట్ల సంచి కింద పెట్టాడు. "అయితే మా అన్నయ్యకు రానని చెప్తాను," అన్నాడు. ఒక్కో మూతా మెల్లగా దిగింది.

ఆ నెలలోనే అక్క నాలుగు వీధుల అవతల మేస్త్రి ఇంటికి కాపురానికి వెళ్ళింది. మొదటి సాయంత్రమే ఫోన్ చేసింది.

"ఏం తిన్నావురా?"

"కూర చేశా. మాడిపోయింది."

"అయ్యో. నేను రానా?"

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు, నోటినిండా ముద్దతో. "బ్రహ్మాండంగా ఉంది."