వందకు వంద వచ్చిన వెబ్‌సైటు

ప్రపంచం మారిపోతున్న సంగతి ఆదిలాబాద్‌లో అందరికంటే ముందు తెలిసేది నిరంజన్‌కే. కనీసం నిరంజన్ అభిప్రాయం అది. ఊరి చివర పత్తి జిన్నింగ్ మిల్లులో కాంటా దగ్గర కూర్చుని, పత్తి వ్యాను దాని మీదికి ఎక్కగానే బరువు కంప్యూటర్‌లోకి వచ్చిందో లేదో చూసి, చీటీ చింపి ఇవ్వడం అతని ఉద్యోగం. అది పొట్టకూటికి. పుట్టింది మాత్రం ‘సున్నా ఒకటి’ అనే తెలుగు టెక్ బ్లాగు నడపడానికి.

ఆ బ్లాగుకు పదేళ్లు నిండాయి. ఈ పదేళ్లలో రాసిన వ్యాసాలు అరవై ఒకటి, మార్చిన డిజైన్లు డెబ్బై నాలుగు. ఇది విని నవ్వేవాళ్లకు వెబ్‌సైటు అంటే ఏమిటో తెలియదని నిరంజన్ జాలిపడతాడు. బ్లాగు పేరు ఎడమవైపుకు రెండు పిక్సెళ్లు జరిగిందని ఒక ఆదివారమంతా అన్నం ముట్టలేదు. సోమవారం దాన్ని కుడికి జరిపాడు, మంగళవారం మళ్లీ ఎడమకు జరిపాడు. అప్పుడు గాని ప్రాణం కుదుటపడలేదు.

వ్యాసాలూ సామాన్యమైనవి కావు. ‘నా కీబోర్డు మీటల చప్పుడు: ఒక పరిశీలన’ మూడు భాగాలు. అంతరిక్ష యుద్ధాల సీరియళ్లను విడుదలైన వరుసలో చూడాలా, కథ జరిగిన వరుసలో చూడాలా అన్న ప్రశ్న మీద ఎనిమిది భాగాలు రాసి, ఎనిమిదో భాగం ఆఖర్లో ఎవరిష్టం వాళ్లదని తేల్చేశాడు. సైటును రోజూ వేరేచోట భద్రపరచుకోవడం ఎంత అవసరమో చెబుతూ ఒక హెచ్చరిక కూడా రాశాడు. తన సైటును మాత్రం ఎక్కడా భద్రపరచలేదు.

వీటన్నిటి మధ్యలో ఒక అనాథ వ్యాసం ఉంది. ఏడేళ్ల కిందట రాయడానికేమీ దొరకని రోజున ‘బస్సు ఎక్కడుంది? చెప్పే యాప్ వచ్చేసింది!’ అని పది వాక్యాల సమీక్ష ఒకటి గిలికాడు. ఆ యాప్ మూడు నెలలకే కాలం చేసింది. సమీక్ష మిగిలింది. దాని కింద, చదివినవాళ్లు తమ మాట రాసే పెట్టె మిగిలింది. అందులో రాయడానికి ఒక పేరు కొడితే చాలు. ఫోన్ నంబరు అడగదు, ఈమెయిలు అడగదు. అడిగేటట్టు మార్చాలని నిరంజన్ ఏడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు.

రెండేళ్ల నుంచి బ్లాగుకు జనం పెరిగారు. రోజుకు పన్నెండు వందల మంది! తెలుగు జాతి ఎట్టకేలకు మేల్కొన్నదని నిరంజన్ కళ్లు చెమ్మగిల్లాయి. ఏ పేజీకి ఎంతమంది వస్తున్నారో చూపించే పట్టిక కూడా ఉంది గాని, అది తెరిస్తే మనసు కష్టపెట్టుకోవలసి వస్తుందేమోనని తెరవలేదు. ఒక్క సంగతి మాత్రం చికాకు పెట్టేది. ఆ పాత బస్సు సమీక్ష కింద రోజూ వందల మాటలు వచ్చి పడేవి.

‘బస్సు మిల్లు గేటు దాటింది.’ ‘వాగు కాడ ఆగింది, పత్తి బండ్లు అడ్డమున్నయి.’ ‘రాలే.’ ‘ఇంక రాలే.’ ‘వచ్చింది, జాగ లేదు.’

నిరంజన్ తన జ్ఞానమంతా రంగరించి ఆలోచించాడు. మనిషి పుట్టుక పుట్టినవాడెవడూ ఏడేళ్ల నాటి సమీక్ష కిందికి వచ్చి ‘ఇంక రాలే’ అని రాయడు. కాబట్టి ఇవి బాట్లు, అంటే మనుషుల్లా నటించే దొంగ ప్రోగ్రాములు. వెంటనే ‘తెలుగు నేర్చిన బాట్లు: మనపై నిశ్శబ్ద దాడి’ నాలుగు భాగాలు రాశాడు. నాలుగో భాగంలో అవి ఏ దేశం నుంచి వస్తున్నాయో కనిపెట్టాడు. పేరు బయటపెడితే ప్రమాదమని దాచాడు.

భార్య స్వరూప రాయిగూడ బడిలో సోషల్ టీచరు. రాయిగూడకు ఉన్నది ఒకటే బస్సు. రాత్రి అక్కడే ఆగి, పొద్దున ఆదిలాబాద్ వచ్చి, మళ్లీ జనాన్ని ఎక్కించుకుని వెనక్కి పోతుంది; సాయంత్రం కూడా ఇలాగే ఇంకో ట్రిప్పు. పత్తి కాలంలో దారి పొడవునా ట్రాక్టర్లే కాబట్టి అది ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. ఆ దారి ఊళ్లలో ఒక అలవాటు ఉంది: ముందు ఊళ్లో ఉన్న చుట్టాలకు ఫోన్ చేసి ‘బస్సు వోయిందా?’ అని అడిగి గాని ఎవరూ ఇల్లు కదలరు.

రెండు నెలల కిందట స్వరూప చపాతీలు వత్తుతూ అంది. “ఇగో, వింటున్నవా? నీ సైటుల ఏదన్న తీసేసేది ఉంటే జర నాకు చెప్పి తియ్.”

నిరంజన్ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. రెండో చెవి ఖాళీగానే ఉంది గాని అది భార్య మాటల కోసం కేటాయించింది కాదు. “ఊఁ,” అన్నాడు. సోషల్ టీచరుకు వెబ్‌సైటు గొడవ ఎందుకో అనుకుని లోపల నవ్వుకున్నాడు.

అటువంటి రోజుల్లో కరీంనగర్ నుంచి కరుణాకర్ ఫోన్ చేశాడు. ఇద్దరూ అక్కడి ఇంజనీరింగు కాలేజీలో ఒకే బెంచీ. కరుణాకర్ పాసై అక్కడే లెక్చరరయ్యాడు. నిరంజన్ ఆరు సబ్జెక్టులు మిగుల్చుకుని, సర్టిఫికెట్టు లేకుండా గేటు బయటికి వచ్చాడు.

“అరేయ్ నిరంజన్, మా కాలేజీల టెక్ పండుగ పెడుతున్నం. ముఖ్య అతిథిగ నువ్వు రావాలె. రోజుకు పన్నెండు వందల మంది సదువుతరని ప్రిన్సిపల్ సారుకు చెప్పిన. సారు ఖుష్ అయిండు. గా లెక్క స్క్రీన్ మీద చూపెట్టు, పోరగాళ్లు పరేషాన్ గావాలె.”

నిరంజన్ లేచి నిలబడి మరీ “వస్త” అన్నాడు. ఆ గేటు ముందు నుంచి బస్సు పోతే ఇప్పటికీ అతను తల పక్కకు తిప్పుకుంటాడు. ఆ గేటులోంచి దండ వేయించుకుని లోపలికి నడవాలి. పదేళ్లు ఎవరూ చదవని రాతలు రాసింది ఇందుకేనని, ఇది చేజారితే తన బతుకులో ఇంకోటి రాదని అతనికి ఆ క్షణాన తెలిసింది. నిజంగానే ఏడుపొచ్చింది.

ఇక సైటును పెళ్లికూతురిని చేసే పని మొదలైంది. సైటు ఎంత చురుగ్గా తెరుచుకుంటుందో కొలిచి వందకు మార్కులేసే పరికరం ఒకటి ఉంది. అది ‘సున్నా ఒకటి’కి అరవై ఒకటి వేసింది. నిరంజన్ అవమానంతో రగిలిపోయాడు. బొమ్మలు తీసేస్తే డెబ్బై వచ్చింది. అక్షరాలు మారిస్తే డెబ్బై ఎనిమిది. పరికరం అసలు దోషిని వేలెత్తి చూపించింది: కిందున్న ఆ మాటల పెట్టె. గురువారం సాయంత్రం, స్వరూప పరీక్ష పేపర్లు దిద్దుకుంటుండగా, నిరంజన్ పెట్టెను ఒక్క నొక్కుతో మాయం చేశాడు.

వంద!

ఆ వందను ఫోటో తీసి కరుణాకర్‌కు పంపాడు. ఆరు సబ్జెక్టుల్లో కలిపి కూడా అతనికి అన్ని మార్కులు ఎన్నడూ రాలేదు.

శుక్రవారం తెల్లవారగానే కరీంనగర్ బస్సెక్కాడు. దారిలో ప్రసంగం వల్లె వేస్తుంటే స్వరూప ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్లీ చేసింది. ముఖ్య అతిథులు దారిలో ఫోన్లు ఎత్తరు. ఐదోసారికి ఫోన్‌ను మూగ చేసి జేబులో పడేశాడు.

సాయంత్రం నాలుగింటికి హాలు నిండింది. గేటు దగ్గర నిజంగానే దండ వేశారు. కరుణాకర్ పరిచయం చేస్తూ బాట్ల దాడిని ఎదిరించిన వీరుడన్నాడు, ప్రిన్సిపల్ తల ఊపాడు. నిరంజన్ ముందుగా వందకు వంద చూపించాడు, చప్పట్లు పడ్డాయి. “ఇప్పుడు ఈ క్షణంలో మన సైటు చదువుతున్నవారెందరో చూద్దాం” అని పుస్తకం భాషలో పలికి, లెక్క చూపే పేజీ తెరిచాడు.

ఇప్పుడు సైటులో ఉన్నవారు: 1.

ఆ ఒకటి ఎవరో నిరంజన్‌కు తెలుసు. చిరునవ్వు చెదరకుండా మళ్లీ తెరిచాడు. 2. వెనక్కి చూస్తే కరుణాకర్ చెమటలు తుడుచుకుంటూ తన ఫోన్‌లో సైటు తెరుస్తున్నాడు. స్నేహమంటే అది. హాలులో ఎవరో కిసుక్కుమన్నారు, అది వరుస వరుసకీ పాకింది.

మూడో వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. “సార్, నా పేరు నవ్యశ్రీ. మాది రాయిగూడ. మీ సైటు నాకు ఎరికే సార్.”

నిరంజన్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. కీబోర్డు చప్పుడు చదివే ఉంటుంది. “చెప్పమ్మా, చెప్పు,” అన్నాడు.

“అండ్ల కింద బస్సు పెట్టె ఉంటుండె గదా సార్? గది ఎవరో తీసేసిండ్రు. పొద్దుగాల మా అవ్వ ఫోన్ చేసింది. బస్సు యాడుందో తెల్వక వాగు మలుపు కాడ గంటన్నర నిలవడ్డదట. మోకాళ్లు పట్టుకపోయినయట.”

“బస్సు పెట్టా?”

“అవ్ సార్. మా దిక్కు అందరు అండ్లనే రాస్తరు, బస్సు యాడిదాక వచ్చిందని. వాట్సాప్ గ్రూపు ఉంది గని అండ్ల చేరితె ఆడోళ్ల నంబరు మొగోళ్లందరికి తెలుస్తది. మీ పెట్టె నంబరు అడగది. గందుకే ఆడోళ్లందరు అండ్లకే వస్తరు. అది మల్ల పెడుతరా సార్?”

‘సాంకేతిక కారణాల వల్ల’ అనే మాట నిరంజన్ నాలుక చివరకు వచ్చింది. పన్నెండు వందల మంది! కీబోర్డు కోసం కాదు, అంతరిక్ష యుద్ధాల కోసం అసలే కాదు. పదేళ్లలో తను రాసినదాంట్లో జనానికి పనికొచ్చింది తను రాయని జాగా ఒక్కటే. ఈ హాలులోనే ఒకప్పుడు వైవాలో జవాబు తెలియక తెలిసినట్టు నటించి ఇంకా అభాసుపాలైన సంగతి గుర్తొచ్చింది. ఈసారి నటించడానికి ఓపిక లేకపోయింది.

“నేనే తీసిన,” అన్నాడు. పుస్తకం భాష ఎటో పోయింది. “మనుషులనుకోలే. బాట్లనుకున్న.”

హాలు పగిలిపోయేటట్టు నవ్వారు. ప్రిన్సిపల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. నిరంజన్ చెవులు కాలిపోతుంటే, అందరూ చూస్తుండగానే లోపలికి వెళ్లి పెట్టెను మళ్లీ పెట్టాడు. పరికరం ఊరుకుంటుందా, పెద్ద తెర మీద వందను కొట్టేసి డెబ్బై ఎనిమిది వేసింది.

లెక్క కదిలింది. 2. 9. 41. 130. పెట్టెలో మాటలు ఒకదాని మీద ఒకటి పడసాగాయి. ‘పెట్టె మల్లచ్చింది!’ ‘మా అక్కకు చెప్పున్రి.’ ‘బస్సు యాడుంది?’ ఆఖరున ఇంకోటి వచ్చి తెర నిండా కూర్చుంది. ‘స్వరూప టీచర్: బస్సు బడి కాడికొచ్చింది, జాగ ఉంది, ఉరుకున్రి. పెట్టె తీసినోనికి జర సిగ్గుండాలె.’

పిల్లలు చప్పట్లు కొట్టారు. స్వరూప టీచర్ ఎవరి భార్యో ఆ హాలులో ముగ్గురికే తెలుసు. అందులో నవ్యశ్రీ తల దించుకుంది, కరుణాకర్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆరింటికి నిరంజన్ కరీంనగర్ బస్టాండులో దండ సంచిలో కుక్కుకుంటుంటే ఆమె ఫోన్ వచ్చింది. ఈసారి ఎత్తాడు.

“చెప్పి తియ్యమన్ననా లేదా?”

“అన్నవ్.”

“రెండేండ్ల సంది రాయిగూడల అందరికి చెప్పుకుంటున్న. మా ఆయన పెట్టిండు, ఆడోళ్ల నంబరు అడగకుంట ఆలోచన జేసి మరీ పెట్టిండు అని. నీకు చెప్తె గాలిల తేలుతవని చెప్పలే.” ఆమె గొంతు తగ్గించి అడిగింది. “నువ్వు కావాల్ననే పెట్టినవ్ గదా?”

అవునంటే సరిపోయేది. సంసారాల్లో ఇంతకంటే పెద్ద అబద్ధాలే సుఖంగా బతుకుతున్నాయి. కానీ రెండేళ్లుగా ఎవరో ఒకరు తనను మెచ్చుకుంటూ తిరిగారన్న మాట అతని గుండెలో గుచ్చుకుంది. అది తన పేరు మీద నడుస్తున్న, ఇంకెవరికో దక్కాల్సిన మెప్పు.

“లేదు,” అన్నాడు. “నంబరు అడిగేటట్టు చెయ్యాల్ననే అనుకున్న. బద్ధకమయ్యింది.”

స్వరూప గట్టిగా ఊపిరి వదిలింది. “ఇగ బద్ధకంగనే ఉండు. నువ్వు పని జేసినప్పుడే ఖరాబయితుంది.”

“నా వ్యాసాలు ఎన్నడన్న చదివినవా?”

“కీబోర్డుది ఒక భాగం చదివిన. మంచిగ నిద్రవట్టింది.”

సోమవారం పొద్దున నిరంజన్ కాంటా వదిలి మిల్లు గేటు బయటికి వచ్చి నిలబడ్డాడు. లోపలి నుంచి సేటు ఓంప్రకాశ్ “అరే నిరంజన్, వ్యాను ఎక్కింది!” అని అరుస్తున్నాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ రాయిగూడ వైపు పోయింది. కిటికీలో స్వరూప కనిపించింది, అతన్ని చూసి కూడా చూడనట్టు ముందుకు తిరిగింది. నిరంజన్ ఫోన్ తీసి, పదేళ్లలో మొదటిసారి, తన సైటు పెట్టెలో తను కూడా రాశాడు. ‘నిరంజన్: బస్సు మిల్లు గేటు దాటింది. సీట్లు ఉన్నయి.’

అరనిమిషంలో జవాబు వచ్చింది. ‘స్వరూప టీచర్: నేను బస్సులనే ఉన్న.’

దాని కింద ఇంకోటి వచ్చింది. ‘కొమురవ్వ: ఎవలో కొత్తాయన. మంచిగ రాసిండు.’

సేటు మళ్లీ అరిచాడు. నిరంజన్ కదల్లేదు. ఆ మాటను ఫోటో తీసి, ఫోన్ తెర మీదున్న వందకు వంద ఫోటోను తీసేసి, దాని స్థానంలో పెట్టుకున్నాడు.