గ్యాస్ శాస్త్రవేత్తకు సన్మానం

కిల్లో కనక అనంతగిరి పైన ఓ గూడెంలో పుట్టింది. ఇప్పుడు పుణెలో గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. కొన్ని గెలాక్సీలు గుంపుగా బతుకుతాయి. గుంపు నడుమ భారీది ఒకటి ఉంటుంది. దాని ఒంట్లో చల్లని గ్యాస్ సన్నటి పోగుల్లా సాగి ఉంటుంది. ఆ పోగులు ఎక్కణ్ణించి వచ్చాయో తేల్చడానికి ఆమెకు నాలుగేళ్ళు పట్టింది.

సెలవుల్లో ఇంటికొచ్చిందని తెలిసి, షావుకారు వీరభద్రరావు జూనియర్ కాలేజీలో సన్మానం పెట్టించాడు. కొండ దిగువ మైదాన ప్రాంతం నుంచి వచ్చి, చుట్టుపక్కల గూడేల కాఫీ గింజలన్నీ తన రేటుకే కొనే మనిషి. కనక చదువు గురించి ఆయన చెవిన పడింది గ్యాస్ అన్న ముక్క ఒక్కటే. అందుకని ఫ్లెక్సీ మీద ఆమె పక్కన సిలిండరు వేయించాడు. ఆయన ఫొటో ఆ రెండింటికన్నా పెద్దది.

ముప్పావుగంట మాట్లాడాడు. చిన్నప్పటినుంచీ ఈ గుంటని తానే ప్రోత్సహించానన్నాడు. ఇంటర్లో సైన్సు తీసుకుంటానంటే, మీకెందుకివన్నీ, కుట్టుమిషను నేర్చుకోమని చెప్పింది ఈయనేనని కనకకి బాగా గుర్తు. అయినా శాలువా కప్పుతుంటే నవ్వింది. ఫొటోలు తీస్తున్నారు మరి.

ఆ గ్యాస్ మన మండలానికి ఎప్పుడొస్తుందని ఆయన మైకులోనే అడిగాడు. అక్కణ్ణించి వెలుగు రావడానికే కోట్ల ఏళ్ళు పడుతుందని కనక చెప్పింది. పైవాళ్ళతో మాట్లాడి బేగి రప్పిస్తానని ఆయన హామీ ఇచ్చాడు. చప్పట్లు పడ్డాయి.

మిగిలిన ఐదు నిమిషాల్లో ఆమె తెర మీద ఎర్రటి పోగులు చూపించింది. వెనక బెంచీలోంచి చిట్టి అనే ఇంటర్ పిల్ల లేచింది.

"అక్కా, నడుమున్న పెద్దది సుట్టూ ఉన్న సిన్నోటి దగ్గర లాక్కుంటాదా?"

హాలు హాలంతా షావుకారు వైపు తిరిగింది. ఆయన మంచినీళ్ళ సీసా మూత తీస్తూ ఉండిపోయాడు.

"నేనూ మొదట అలాగే అనుకున్నాను," అంది కనక. "అలాంటి పెద్దవి పదకొండు చూశాను. మూడింట్లో లాక్కున్నదే. మిగతా ఎనిమిదింట్లో దాని చుట్టూ కోటి డిగ్రీల వేడిలో ఉన్న సొంత గ్యాసే చల్లారి, పోగులై లోపలికి జారుతోంది. ఆకాశంలో పెద్దవాళ్ళు కాస్త నయం."

అందరికంటే ముందు నవ్వి, గట్టిగా చప్పట్లు కొట్టినవాడు వీరభద్రరావు. పెద్దవాళ్ళు ఎవరిదీ లాక్కోరని సైన్సే తేల్చిందని ముగింపులో ప్రకటించాడు. మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. ఫొటోలో నడుమ ఆయన, అంచున కనక భుజం.

కనక ఆ పేపరు చూడలేదు. పొద్దున్నే చిట్టి ఆమె ఇంటికొచ్చి, ఆ మూడింటి సంగతి చెప్పమని కూర్చుంది. ఇద్దరూ ల్యాప్‌టాప్ తెరిచారు.