పాత పోగులకు కొత్త పోగులు

ప్రవళికకు సర్వర్ మీద ఒళ్లు మండింది. మండదా మరి! గల్ఫ్‌లో జాడ తెలియకుండా పోయినవాళ్ల ఫొటోలు పెట్టే వెబ్‌సైటును ఆమె జగిత్యాలలో కూర్చుని నాలుగేళ్లుగా నడుపుతోంది. దానికోసం ఒక డెడికేటెడ్ సర్వర్ అద్దెకు తీసుకుంది. మిషన్ మొత్తం మనదే, ఇంకొకరి పోరు లేదు అనుకుంది. తీరా అక్కడ తప్పిపోయిన రుద్రంగి రమేశ్ ఫొటో వాట్సాప్‌లో ఊరూరా తిరిగి, వేలమంది ఒక్కసారే సైటు మీద పడేసరికి ఆ ఒక్క మిషన్ చేతులెత్తేసింది.

పొద్దున్నే రమేశ్ భార్య పద్మ బస్సెక్కి వచ్చింది. మొగుడి ఫోన్ రాక నాలుగు నెలలు.

"అక్కా, జూసినోళ్లు ఎవలన్న జెప్దామన్నా గా సైటు తెరుసుకుంటలేదట" అని ఏడ్చింది.

ప్రవళిక అప్పటికప్పుడు సైటును క్లౌడ్‌కు మార్చింది. అక్కడ జనం పెరిగితే మిషన్లూ పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. మధ్యాహ్నానికి సైటు దర్జాగా నడిచింది. ఇక పాత సర్వర్‌ను ఆపేయబోయింది.

సిరిసిల్ల నుంచి బిడ్డను చూడవచ్చిన తండ్రి చిన్నయ్య పక్కనే చాయ్ తాగుతున్నాడు. ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పడుగులు అతికిన మనిషి. కంప్యూటర్ గురించి ఓనమాలు రావు, సలహాకు మాత్రం ఎప్పుడూ ముందుంటాడు.

"అందరు కొత్తదానికే అస్తున్నరా బిడ్డా?"

"లేదు బాపూ. అడ్రస్ మారినట్టు అన్ని దేశాలకు తెల్వాలంటే ఒకటి రెండు రోజులు పడ్తది. గప్పటిదాంక కొందరు పాతదానికే పోతరు."

"మరి గంత తొందరేంది? పడుగు అయిపోయినా మేం పాత కొసలు సాంచ మీదనే ఉంచుతం. ఒక్కొక్క పోగుకు కొత్త పోగు అతికి, అన్ని ఇవతలికి గుంజినంకనే పాతది తీస్తం."

ప్రవళిక విసుక్కుంటూనే పాత సర్వర్‌ను ఆపకుండా వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే, జనం తగ్గి తెరిపిన పడ్డ పాత సర్వర్‌లో, రమేశ్ ఫొటో కింద ఒకే ఒక్క మెసేజ్ ఉంది. రాసింది పెగడపల్లి లస్మయ్య, గల్ఫ్‌లో కూలీ. "గీ ఫొటోల ఉన్నాయన మా క్యాంపు దగ్గరి దవాఖానల ఉన్నడు. తలకు దెబ్బ తాకి మాట పడిపోయిండె. ఇప్పుడిప్పుడే మాట్లాడుతుండు. గీ నంబర్‌కు జెయ్యిండ్రి."

ప్రవళిక దాన్ని రెండోసారి చదివింది. నిన్న ఆపేసి ఉంటే ఈ మెసేజ్ ఎవరికీ అందేది కాదు. పద్మను పిలిపించి నంబర్ కలిపింది. అవతల లస్మయ్య ఫోన్‌ను దవాఖానలో రమేశ్ చేతికిచ్చాడు.

"పద్మా... పిల్లలు తిన్నరా?"

పద్మ ఫోన్‌ను గుండెకు హత్తుకుంది. అవతల అతను పిలుస్తూనే ఉన్నాడు.

ప్రవళిక వెళ్లి తండ్రి పక్కన కూర్చుని, పోగులు ముడేసి ముడేసి కాయలు కాసిన ఆ వేళ్లను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు అడగకపోతే నేను ఆపేస్తుంటి బాపూ" అంది.