గట్టిగా కనిపించిన వడ్లు

నేను ఒక గడ్డపారను. కదలకుండా ఉన్న దేన్నీ నమ్మను. లారీ ఇరుసును కాల్చి నన్ను సాగదీసిన కమ్మరి, తరతరాలు పనికొస్తానని చెప్పి అమ్మాడు. అమ్మేవాడు ఇంకేం చెబుతాడు! బావులు తవ్వే మేస్త్రి దగ్గర కొన్నాళ్లు రాళ్లు పెకిలించి, చివరికి మిర్యాలగూడ పక్కన ఒక రైసుమిల్లులో పడ్డాను.

అక్కడ వడ్లు నిలవచేసే ఇనుప బిన్ను రెండంతస్తుల ఎత్తున, దాని అడుగున గరాటు మూతి. తడి వడ్లయితే మూతి తీసినా జారవు. అప్పుడు హమాలీ సైదులు నన్ను తీసుకుని పైనుంచి బిన్నులోకి దిగి, వడ్ల మీదే నిలబడి పొడవాలి. మిల్లు యజమాని, సేటు రాజమౌళి, బయట నిలబడి చెబుతాడు. ఈ ఏర్పాటు మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

ఒక వానాకాలం కాలేజీ నుంచి పరిమళ మేడం వచ్చింది. గింజలు ఎలా ఒరుసుకుంటాయో, ఎక్కడ బిగుసుకుంటాయో కంప్యూటర్లో బొమ్మకట్టి చూస్తుందట. తెరమీద ప్రతి గింజా గోళీలా గుండ్రం. ఆమెనూ నమ్మలేదు.

ఆ రోజే మూతి తీస్తే కొన్ని వడ్లు రాలి ఆగిపోయాయి. నిచ్చెనెక్కిన సైదులు వెనకే ఆమె కూడా ఎక్కింది.

"దిగకు అన్నా. పైన వడ్లు బిగుసుకుని కమాను కట్టినయి. దాని కింద అంతా ఖాళీ."

"మీ వడ్లు గోళీలు మేడం. మావాటికి ముక్కులుంటయి."

"గోళీలే కమాను కడుతుంటే, ముక్కులున్న తడి వడ్లు ఊకుంటయా?"

సైదులు నవ్వి నన్ను వడ్లలో గుచ్చాడు. బిన్ను అంచు పైకి తల కనబడేలా నిటారుగా నిలబడ్డాను.

"సూసినవా, గట్టిగున్నది! దిగురా, లోడు కోసం లారీ ఆగి ఉన్నది," కింద నుంచి సేటు.

సైదులు ఒక కాలు లోపల పెట్టాడు.

"ఒక్కసారి సుత్తితో బిన్నును కొట్టు. అప్పటికీ ఆగితే దిగు," అంది పరిమళ.

మేడం మాట తీసెయ్యలేక కాలు వెనక్కి తీసుకుని, నిచ్చెనకు వేలాడే సుత్తితో కొట్టాడు.

నా కింద ఏమీ లేకుండా పోయింది. నాకు నోరున్నా అరిచే వ్యవధి దొరికేది కాదు. వడ్లతోపాటు కూలి, మూతికి అడ్డంపడి ఇరుక్కున్నాను.

సైదులు కిందికి దిగి మూతిలోంచి నన్ను బయటికి లాగాడు. సేటు నన్ను చూసి, "గడ్డపార బాగనే ఉన్నది గద. ఈసారి నడుముకు తాడు కట్టుకో," అన్నాడు.

సైదులు నన్ను తెచ్చి సేటు చేతిలో పెట్టాడు.

"తాడు నేను పట్టుకుంట సేటూ. నువ్వు దిగు."

ఇన్నేళ్లలో ఆ చెయ్యి నన్ను పట్టుకోవడం అదే మొదలు. అరచేయి దూదిలా ఉంది, చెమటతో జారిపోతోంది. మర్నాడు సేటు వెల్డింగువాణ్ణి పిలిపించి బిన్ను పక్కన కన్నం పెట్టించాడు. ఇప్పుడు బయట నిలబడే పొడుస్తున్నారు. కన్నం ఎవరి ప్రాణం కోసం పెట్టించాడో మాత్రం, నాకు అనుమానమే.