మొక్కింది ఏ బరువు?

మా సరళ వదినకు కడుపు కోయించుకునే పిచ్చి పట్టిందని మా అవ్వ, అంటే మా అమ్మ, ఊరంతా చెప్పుకుంది. రోగం లేదు, నొప్పి లేదు, మరి కోయడం దేనికని ఎవరైనా అడిగితే, "మా నర్మదను అడుగుండ్రి, దానికి అన్ని ఎరుకే" అనేది. ఆ నర్మదను నేనే. నాకు అన్నీ తెలియవు గానీ, తెలుసుకోకపోతే తిన్నది అరగదు.

రోగం లేదన్నది నిజమే. రెండో కాన్పు తర్వాత వదిన ఒళ్లు పెరిగింది, పొట్ట జారి సంచిలా వేలాడింది. హుస్నాబాద్ బస్సులో ఆడవాళ్లు లేచి సీటిచ్చి ఎన్నో నెల అని అడిగేవారు. వదిన నవ్వేసి కూర్చునేది. ఆ నవ్వు తనను పెంచిన మేనత్త పోయిన రోజున ఆగిపోయింది. శవం వాకిట్లో ఉంది. వదిన ఏడుస్తూ పరుగెత్తబోతే కనకవ్వ అనే ముసలామె చేతులు అడ్డం పెట్టి, "కడుపుతోటున్నదానివి, పీనుగును చూడొద్దు బిడ్డా" అంది. కాదని చెప్పడానికి అంతమందిలో వదినకు నోరు రాలేదు. మేనత్త ముఖం ఆఖరిసారి చూడకుండా గోడవతలే నిలబడిపోయింది. ఇంటికొచ్చాక ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

"గీ కడుపు నాకొద్దు నర్మదా" అంది.

తొంభై ఏడులో హైదరాబాదు డాక్టర్ దగ్గరికి తోడుగా నేనే వెళ్లాను. ఆయన వదినను మిషన్ మీద నిలబెట్టి చూసి, ముందు బరువు తగ్గి రమ్మన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తగ్గడానికే కదా వచ్చింది! క్షవరానికి వెళ్లినవాణ్ని జుట్టు కత్తిరించుకుని రమ్మన్నట్టుంది. ఆయన విసుక్కోకుండా విడమరిచి చెప్పాడు. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదట, వేలాడే చర్మాన్ని తీసి కుట్టడమేనట. ఒళ్లు ఎక్కువగా ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదం, గాయం తొందరగా మానదు. కోసిన తర్వాత బరువు అటూ ఇటూ అయితే చేసిందంతా పాడవుతుంది. అరవై ఎనిమిది కిలోలకు దిగి, కొన్ని నెలలు అక్కడే ఉంటే అప్పుడు చూద్దామన్నాడు.

"కోసిన తోలు ఎటు పారేస్తరు సార్?" అని కూడా అడిగాను. వదిన నా తొడ మీద గట్టిగా గిల్లింది.

వదిన పట్టు పట్టి దిగింది. అన్నం మానేసి జొన్నరొట్టె, పొద్దున్నే చేల గట్ల వెంట నడక. ఎనభై నుంచి అరవై ఎనిమిదికి వచ్చి అక్కడే నిలబడింది. డాక్టర్ తారీఖు ఇచ్చాడు. అది సమ్మక్క జాతర అయిన మరుసటి వారం.

అప్పుడు గుర్తొచ్చింది అవ్వకు, తన మొక్కు. వదిన కొత్తకోడలుగా ఉన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి బతకదన్నారు. బతికితే తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని అవ్వ మొక్కింది. బంగారం అంటే బెల్లమే. కాంటాలో ఒకవైపు మనిషి, రెండోవైపు ఆ మనిషి బరువంత బెల్లం. వదిన బతికింది, మొక్కు మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఒక జాతరనాటికి అవ్వ పెనిమిటి, మా బాపు పోయి ఏడాది తిరగలేదు. ఇంకో జాతరనాటికి వదిన కడుపుతో ఉంది, కాంటాలో ఇద్దరు కూర్చున్నట్టవుతుందని ఆపారు. తర్వాతవన్నీ వచ్చేసారి చూద్దాంలే అనుకుంటూనే గడిచిపోయాయి.

ఇక అవ్వ రోజూ బొబ్బట్లు, మా భాషలో పోలెలు, చేయడం మొదలుపెట్టింది. నెయ్యి కారేటట్టు పోసి వదిన ముందర పెట్టేది.

"తల్లికి ఎనభై కిలోల మనిషిని బాకీ ఉన్నం. అరవై ఎనిమిది ఇచ్చి మోసం చేస్తమా? తిను."

"ఒక్క కిలో పెరిగినా డాక్టర్ వాపస్ పంపుతడు అత్తమ్మా" అని వదిన ప్లేటు పక్కకు జరిపేది.

ఇద్దరికిద్దరే. ఈ గొడవ పడలేక వదిన మొగుడు, మా భూపాలన్న మధ్యాహ్నం తిండి చేను దగ్గరికే తెప్పించుకునేవాడు. పోలెలు పాడు కాకుండా నేను చూసుకున్నాను. నా బరువు ఎవరూ అడగలేదు.

జాతర ముందు ఖాసిం బెల్లం దుకాణం ఎదుట పెద్ద కాంటా వేలాడింది. వదిన పసుపు చీర కట్టుకుని ఒక పళ్లెంలో కూర్చుంది. డప్పులు మోగుతుంటే ఖాసిం రెండోదాంట్లో బెల్లం ముద్దలు పేర్చాడు. అవ్వ ముందే చెప్పి ఎనభై కిలోలు తీయించి ఉంచింది. అన్నీ పడేసరికి వదిన గాల్లోకి లేచింది. జనం నవ్వారు.

"జర తియ్యాలె అమ్మా, సమానం కావాలె గద" అన్నాడు ఖాసిం.

"ముట్టకు ఖాసిం. గంత బరువే మొక్కిన" అంది అవ్వ.

నేను ఊరుకుంటానా? "అవ్వా, మొక్కిన్నాడు వదిన నలభై కిలోలు కూడ లేకుండె. మంచం మీద తోలు, బొక్కలే ఉండె. మొక్కింది గా బరువే గద? లెక్కకు ఇప్పుడున్నదే ఎక్కువ" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అవ్వ నావైపు చూడనే లేదు. వదిననే చూస్తూ, "బొక్కలను ఎవరన్న మొక్కుతరా? నిండుగ కావాలని మొక్కిన" అంది. "జావ తాపి, ముద్దలు పెట్టి, గా ఒళ్లు నేను చేసిన బిడ్డా. గిప్పుడు అది వద్దని కోయించుకుంటనంటున్నవు. మొదటి మొక్కే తీర్చకపోతే, రేపు నువ్వు కత్తి కింద పండుకున్నప్పుడు ఏ మొఖం పెట్టుకొని తల్లిని మల్ల అడగాలె?"

ఖాసిం డప్పులవాళ్లకు ఆగమని సైగ చేశాడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వది మొండితనమే అనుకున్నాను గానీ, భయమని నా బుర్రకు తట్టనే లేదు.

వదిన కాళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి. "నువ్వు చేసిన ఒళ్లును నేనెందుకు కాదంట అత్తమ్మా? నా మేనత్త పోయిన్నాడు కడుపుతోటున్నవని నన్ను లోపలికి రానియ్యలే. ఆమె మొఖం సూడలే నేను" అంది.

అవ్వకు ఈ సంగతి తెలియదు. "నాకెందుకు చెప్పలే?" అంది.

"నువ్వు పెట్టిన తిండే గిట్ల చేసిందని బాధపడ్తవని."

అవ్వ కొంగు నడుముకు దోపుకుంది. బెల్లం ముద్ద ఒకటి రెండు చేతులా ఎత్తి కింద పెట్టింది. ఖాసిం సాయానికి వస్తే వద్దంది. ఇంకోటి తీసింది. ముద్ద తీసినకొద్దీ వదిన కొంచెం కొంచెంగా కిందికి దిగింది. రెండు పళ్లేలు సమానమయ్యాక అవ్వ కాంటా ముల్లు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. వదిన చేయి పట్టి దింపింది.

"హైదరాబాదుకు నేను గూడ వస్త" అంది. "గా డాక్టర్‌కు చెప్పేదున్నది."

"ఏం చెప్తవు అత్తమ్మా?" అంది వదిన బెదురుగా.

"జర పైలంగ, మెల్లగ కొయ్యుమని."