సైకిల్ బాట మలుపులో జానయ్య

గడ్డపార మొన రాయి కిందికి దిగింది గానీ రాయి కదల్లేదు. జానయ్య కాళ్లు ఎడంగా పెట్టి, బరువంతా భుజం మీదికి తెచ్చుకొని ఇంకోసారి మోపాడు. రాయి పక్కకు దొర్లింది. దాని చప్పుడు ఆగాక కూడా వెనక సీతాఫలం పొదల్లో ఆకులు నలిగిన చప్పుడు ఆగలేదు. ఆయన తల తిప్పలేదు. తిప్పకుండానే తెలుసు, అది గేటు కాసే తిరుపతి.

ఎల్బీనగర్ దాటాక హైవే పక్కనున్న ఆ అటవీ పార్కులో నడిచేవాళ్లకొక బాట, సైకిళ్లకొక బాట. నడిచే బాటకు సిమెంటు పలకలు పరిచారు. సైకిళ్లది ఉత్త మట్టి దారి. రాతిగుండ్ల మధ్య నుంచి, నీలగిరి చెట్ల కింద నుంచి ఎక్కుతూ దిగుతూ పోతుంది. వాన పడితే కోసుకుపోతుంది. రాత్రి గట్టి వానే పడింది. ఆదివారం గనక లావు టైర్ల సైకిళ్లవాళ్లు గుంపుగా వస్తారు. వాళ్లు వచ్చేలోగా రాళ్లు తీయాలి, గండ్లు పూడ్చాలి, మొహానికి తగిలే తుమ్మకొమ్మలు కొట్టాలి. జానయ్య పని అదే.

అంతకుముందు ఆయన కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. నల్లగొండ నుంచి పెళ్లైన కొత్తలో వచ్చి, మీసం నెరిసేదాకా బత్తాయి సంచులు, మామిడి పెట్టెలు మోశాడు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయినప్పుడు సేటు కొందరినే వెంట తీసుకుపోయాడు. జానయ్యను పిలవలేదు. పక్కన మోసేవాడే, ఒకే బీడీ చెరిసగం తాగినవాడే, "జానయ్యకు నడుం పోయింది సేటూ, లారీ చాటుకు కూసుంటుండు" అని చెప్పాడట. అబద్ధం కాదు. అందుకే ఎక్కువ కాలింది. అప్పటినుంచి తనవంక రెండోసారి చూసిన మనిషిని ఆయన నమ్మలేదు.

తిరుపతి వారం రోజులుగా చూస్తూనే ఉన్నాడు. వాణ్ని ఈ పనిలో పెట్టించింది జానయ్యే. పక్క ఊరివాడు, ఇద్దరు పిల్లల తండ్రి, కాక అని నోరారా పిలుస్తాడు. గేటు దగ్గర ఉండాల్సినవాడికి పొదల్లో ఏం పని? మొన్న తాను కాసేపు కూర్చుంటే వాడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. తాను తల ఎత్తగానే చెవికి ఆనించుకున్నాడు. కాంట్రాక్టు మారుతోందని, వయసు మళ్లినవాళ్లను తీసేస్తారని సూపర్‌వైజర్ అనగా విన్నాక, ఆ ఫోటో ఎక్కడికి పోయిందో జానయ్యకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. విదిలించుకున్నాడు. ఆమధ్య సైదాబాద్ కిరాయింట్లో బట్టలు ఆరేస్తూ తాను కళ్లు తిరిగి పడితే పెళ్లాం అరుణమ్మ దవాఖానకు లాక్కుపోయింది. గుండె అన్నాడు డాక్టరు, బరువు పనులు మానమన్నాడు. బయటికొచ్చాక జానయ్య దాన్ని గ్యాసు కింద తేల్చేశాడు. పార్కులో ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

సిమెంటు బాట మీద రామమోహనరావు ఆగి కళ్లజోడు తుడుచుకున్నాడు. రిటైరైన లెక్చరరు, రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి నడకకు వస్తాడు.

"ఏమయ్యా జానయ్యా, ముఖం అలా పీక్కుపోయిందేంటి? ఒంట్లో బాగుండట్లేదా?"

"మంచిగనే ఉన్న సార్. ఎవరన్న ఏమన్న చెప్పిండ్రా?"

"ఒకరు చెప్పాలా? చూస్తే తెలియట్లేదూ?"

"గట్లేం లేదు సార్."

ఆయన చేతులూపుకుంటూ వెళ్లిపోయాడు. ఈయన కూడా గేటులోంచే కదా వచ్చేది, గేటు దగ్గరుండేది ఎవరు అనుకున్నాడు జానయ్య.

పెద్ద మలుపు దగ్గర వాన ఘోరం చేసింది. రెండు గుండ్ల మధ్య నుంచి దారి ఏటవాలుగా దిగేచోట మోకాలి లోతు గండి పడింది. పైనుంచి వేగంగా వచ్చేవాడికి మలుపు తిరిగేదాకా కనబడదు. జానయ్య చుట్టుపక్కల రాళ్లన్నీ ఏరి అందులో వేశాడు. సగం కూడా నిండలేదు, ఊపిరి అందలేదు. గుండుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ క్షణంలోనే గుండు పక్కనుంచి ఫోను పట్టుకున్న చెయ్యి కనిపించింది.

లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నా నౌకరి మీద పడ్డవారా? నిన్ను తెచ్చి పెట్టింది నేను కాదుర? ఎవనికి పంపుతున్నవ్?"

"కాక, జర ఇను. చిన్నమ్మ చెప్పద్దన్నది."

"ఏ చిన్నమ్మ?"

తిరుపతి ఫోనులో ఒక వాయిస్ మెసేజీ మీద వేలు నొక్కాడు. ముందు గిన్నెల మోత, కుక్కరు కూత. దిల్‌సుఖ్‌నగర్‌లో అరుణమ్మ వంట చేసే ఆడపిల్లల హాస్టల్ చప్పుడది. వెనకాలే ఆమె గొంతు.

"తిరుపతీ, కాక ఎట్లున్నడు బిడ్డా? జర కనిపెట్టుకోని ఉండు. నువ్వు చూస్తున్నట్టు తెల్వనియ్యకు, కోపానికొస్తడు. యాడన్న కూసుంటే ఒక ఫోటో పెట్టు. కూసున్నడని చూస్తేనే నాకు పనిల చేతులాడ్తయి."

జానయ్య పట్టు వదిలాడు.

"ఒట్టు తప్పింది ముసల్ది," అన్నాడు. "సూపర్‌వైజర్‌కు గూడ పంపినవా?" అని అడిగాడు.

"లేదు కాక."

వాడి ముఖంలోకి చూశాడు. తుమ్మముళ్లు గీరుకొని మోచేతుల నిండా గీతలున్నాయి, కొన్ని మానినవి, కొన్ని ఇవాళ్టివి.

"సరే," అన్నాడు. వెనక్కి వచ్చి గుండు దగ్గర కూర్చొని చొక్కా సర్దుకున్నాడు. "గిప్పుడు తియ్యి. ఆమెకు మంచిగ కనపడాలె."

తిరుపతి తీసి పంపాడు.

"జర నీళ్లు తే బిడ్డా. అట్లనే తట్ట, పార గూడ. గండి ఇంక పూడ్చాలె."

తిరుపతి గేటు వైపు పరుగులాంటి నడకతో పోయాడు. పైన ఎక్కడో సైకిల్ బెల్లు మోగింది, మనుషుల కేకలు వినిపించాయి. ఇవాళ తొందరగా వచ్చారు. జానయ్య గుండు పట్టుకొని లేచాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, మలుపుకు ముందు దారి మీదికి వంగిన తుమ్మకొమ్మకు ముడివేశాడు. ఒంటిచేత్తో, పళ్లతో పట్టి బిగించాడు. మళ్లీ వచ్చి గుండుకు ఆనుకున్నాడు.

మొదటి సైకిల్ ఎరుపు చూసి బ్రేకు పట్టింది. గండిని తప్పించుకొని పక్కనుంచి దిగింది. వెనకవాళ్లూ అంతే. "థాంక్స్ అంకుల్," అని ఒకమ్మాయి చెయ్యి ఊపింది. ఆయన చెయ్యి లేవలేదు. పెద్దాయన నీడన కునుకు తీస్తున్నాడనుకొని ఆమె చప్పుడు చేయకుండా సాగిపోయింది.

తిరుపతి నీళ్లు తెచ్చి కాక అని పిలిచాడు, మళ్లీ పిలిచాడు. తట్ట కింద పెట్టి ఆ పక్కనే కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. అరుణమ్మే. ఎత్తడానికి వాడికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నానికి ముఖం మీదికి గుడ్డ కప్పి ఆయన్ని తీసుకుపోయారు. సాయంత్రం నడకకొచ్చినవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. గండి సగంలోనే ఉంది. దానికి ముందు, ముళ్లకు చిక్కుకున్న తువ్వాలు హైవే మీంచి వచ్చే గాలికి కాస్త లేస్తూ, మళ్లీ కొమ్మకు అంటుకుంటూ ఉంది.