ఎనభై పళ్ళ బ్లేడు

పైడిరాజు బ్లేడును కిటికీ వెలుగుకు ఎత్తి పన్ను పన్నుకీ బొటనవేలి గోరు ఆనించి చూస్తున్నాడు. మొత్తం ఎనభై పళ్ళు. మొద్దు కర్రకు ఇరవైనాలుగు పళ్ళది చాలు. మైకా అతికించిన బోర్డు మాత్రం పళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నదానికే లొంగుతుంది, లేకపోతే అంచు పెంకులుగా లేచిపోతుంది. రైల్వే కోచ్ షెడ్డులో ముప్పయ్యేళ్ళు బెర్తులు బిగించి రిటైరై, వ్యాపార్ విహార్ బజారు వెనక సొంత వడ్రంగి షెడ్డు వేసుకున్నాక అతను కష్టపడి తెలుసుకున్న సంగతి అది.

ఒక్క పన్ను కూడా విరగలేదు. అయినా అంచులు లేస్తుండడం వారంగా కంటబడుతోంది. పక్కన పడేసిన పాడుముక్కలు సాయంత్రానికి కనబడడం లేదు.

మేకులున్న కర్ర మీద ఎవడో ఈ బ్లేడు వాడుతున్నాడనుకున్నాడు. ఎవడో ఏమిటి, షెడ్డులో ఉండేది ఇద్దరే. రెండోవాడు అప్పారావు, తన భార్య తమ్ముడు, పదేళ్ళ తోడు. అయినా మనసులో పురుగు దొలుస్తూనే ఉంది. రెండు రోజులుగా అతని సంచీ వైపు, చేతుల వైపు దొంగచూపులు చూస్తున్నాడు.

బ్లేడును కోత మిషను బల్లకు బిగించి, దాని మీదా బల్ల మీదా కలిసేలా సన్నటి సుద్దగీత గీశాడు. "టీ తాగొస్తాన్రా," అని బయటికి నడిచాడు.

తిరిగొచ్చేసరికి గీతలు కలవడం లేదు.

అప్పారావు పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. పైడిరాజు చప్పుడు కాకుండా ప్లైవుడ్ దొంతర వెనక్కి వంగి చూశాడు. గోనె కింద తొమ్మిది ముక్కలున్నాయి. బ్యాంకు మేనేజరు వంటింటి అలమారాలకు కోసినవే. అన్నిటి అంచులూ పెంకులు లేచి ఉన్నాయి. వాటి మీద నంబర్లు తన రాతే.

"ఇవేటిరా?"

గుమ్మంలోకి వచ్చిన అప్పారావు తడిచేతులు తుడుచుకున్నాడు.

"నువ్వు కోసినవే బావా. నువ్వు బయటికెల్లినప్పుడు మల్లీ కోసి పెడతన్నాను."

"బ్లేడు పాడయిందా?"

"బ్లేడు బాగానే ఉంది. నీ ఎడంసెయ్యి వణుకుతంది. ముక్క గైడు పట్టీ కాణ్ణించి పక్కకి జరిగితే బ్లేడు ఎనకపళ్ళు అంచు లేపేత్తన్నాయి."

"ఎన్నాళ్ళ నించి?"

"దీపావళి కాణ్ణించి."

"మరి సెప్పవేటి?"

"ఏటని సెప్పను బావా? నాకు కొయ్యడం నేర్పింది నువ్వు గదా."

పైడిరాజు బల్ల దగ్గరికి నడిచాడు. కొత్త ముక్క తీసి గైడుకు ఆనించి మిషను వేశాడు. ఈసారి బోర్డు వైపు కాకుండా తన చేతి వైపు చూశాడు. మణికట్టు దగ్గర చిన్నగా, తనది కానట్టు అదురుతోంది. కోత ముగిశాక అంచును వేలితో తడిమాడు. చర్మానికి గరుకుగా తగిలింది.

మిషను ఆపేశాడు.

"అచ్ఛా. మిగిలినయ్యి నువ్వు కొయ్యి. నాను గతౌరా పాసింజరుకి ఇంటికి పోతాను."

"ఇంకా టైముంది గదా బావా."

"స్టేసన్లో కూకుంటాను."

మర్నాడు అతను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలమారాలు మేనేజరు ఇంటికి వెళ్ళిపోయాయి. అప్పారావు షెడ్డంతా ఊడ్చాడు, తలుపు వెనక మూల ఒక్కటీ వదిలేశాడు. అక్కడ మేకుకు పైడిరాజు పనిలో వేసుకునే ఖాకీ చొక్కా, భుజాల మీద తెల్లటి బోర్డు పొడితో, అలాగే వేలాడుతోంది.